లకుముకి మీద మచ్చలు

ముందే చెబుతున్నా, ఈ కథలో ప్రతి ముక్కా నిజం. ఇందులో ఆవగింజంత అబద్ధం ఉన్నా నా నోట్లో మిగిలిన నాలుగు పళ్లూ పొద్దుగూకేలోగా రాలిపోవాలి. కాస్త ఇటు జరిగి వినండి.

అనగనగా, మీ తాతల తాతలకు మీసాలు మొలవక ముందు, గగనవాడ అని ఒక రాజ్యం ఉండేది. ఎంత పెద్దదంటే, తూర్పు కొసన వార్చిన అన్నం పడమటి కొసకు తీసుకెళ్లేసరికి చద్దన్నమైపోయేది. ఆ రాజ్యపు సైన్యంలో ఏనుగులు లేవు, గుర్రాలు లేవు. ఉన్నవన్నీ యుద్ధవిమానాలే.

రాజుగారి పేరు మణిశేఖరుడు. పసితనంలోనే తల్లి పోతే మేనత్త కాదంబినీదేవి ఆయన్ని పెంచింది. ఒక చేత్తో మేనల్లుడికి ఉగ్గు పెడుతూ, రెండో చేత్తో విమానం నడిపేదని చెబుతారు. చెప్పడమేమిటి, నేను చూశాను.

ఆవిడ విమానం పేరు లకుముకి. ఇరవై ఏళ్లు అదే విమానంలో శత్రువుల్ని తరిమింది. ఆఖరి యుద్ధంలో దెబ్బ తగిలి లకుముకి నడిసముద్రంలో పడింది. ఆవిడ నూటపదహారు ఆమడలు ఈదుకుంటూ ఒడ్డుకు చేరింది. దారిలో అలిసిపోయిన రెండు తిమింగలాలకు ధైర్యం కూడా చెప్పింది. లకుముకి మాత్రం నీళ్ల అడుగుకు పోయింది.

ఆ రోజు నుంచి కాదంబినీదేవి మాట మానేసింది. గోడవైపు తిరిగి కూర్చునేది. పెడితే రెండు ముద్దలు తినేది, పలకరిస్తే కళ్లు మూసుకునేది. మూడు నెలలు అలాగే గడిచాయి.

రాజుగారు రోజూ వచ్చి పక్కన కూర్చుని, "అత్తా, మాట్లాడకపోతే పోనీ, ఒక్కసారి తిట్టనైనా తిట్టు" అని బతిమాలేవాడు. ఆయన కన్నీళ్లకు ఆ గది నేల నాచు పట్టింది. మంత్రులు జారిపడుతూ ఉండేవారు.

కాదంబినీదేవిని చిన్నప్పట్నుంచి కనిపెట్టుకుని ఉన్న ముసలి దాది ఒకరోజు అంది. "బాబూ, మందులు దండగ. లకుముకి మళ్లీ కంటపడితే అమ్మ నోరు విప్పుతుంది. లేకపోతే ఆ గొంతు ఇక మనం వినం."

మునిగిన విమానాన్ని తెచ్చేదెవరు? రాజుగారు తిన్నగా బొమ్మలవీధికి వెళ్లాడు. "లకుముకిని మూరెడు పొడవున చేసి ఇవ్వండి. మా అత్త చూసి ఒక్క మాట మాట్లాడితే చాలు" అన్నాడు.

ఆ వీధికో కట్టుబాటు ఉంది. మెరవని బొమ్మ గడప దాటకూడదు. ఎంత చిన్న బొమ్మకైనా లక్కపూత పూసి, మొగలాకుతో రుద్ది, ముఖం కనపడేదాకా మెరిపించాలి. గీతపడ్డ బొమ్మ పంపినవాళ్లను ఆ వీధిలో పెళ్లికి పిలవరు, పేరంటానికి పిలవరు.

మొదట వీధిపెద్ద భద్రయ్య చేశాడు. కొలతల్లో వెంట్రుకవాసి తేడా లేదు. మూడు బళ్ల మొగలాకులు అరగదీశాడు. ఆ బొమ్మ ఎంత మెరిసిందంటే, తీసుకెళుతుంటే దారి పొడుగునా కోళ్లు తెల్లారిందనుకొని కూశాయి.

కాదంబినీదేవి ఒక్కసారి చూసింది. మళ్లీ గోడవైపు తిరిగింది.

"కొత్తది తెచ్చావు నాయనా. అమ్మది ఇరవై ఏళ్లు తిరిగిన విమానం" అంది దాది.

ఈ మాట రెండో పనివాడు సోమలింగం చెవిన పడింది. "పాతది కావాలా? అంతకంటే సులువేముంది" అన్నాడు. బొమ్మ చేసి సుత్తితో సొట్టలు కొట్టాడు. ఇటుకపొడితో తుప్పు పూశాడు. ముక్కు నుంచి తోకదాకా మసి పులిమాడు. దాన్ని చూసి కాకులు కూడా జాలిపడి గింజలు తెచ్చిపెట్టాయి. "యుద్ధమంటే మాటలా మరి" అన్నాడు గర్వంగా.

కాదంబినీదేవి ఈసారి బొమ్మను చేతిలోకి తీసుకుంది. ఆవిడ కొంగుతో ముక్కు మీది మసి తుడిచింది. రెక్క తుడిచింది. ఎంత తుడిచినా పోలేదు. బొమ్మను పక్కన పెట్టేసి, కొంగు ముఖాన కప్పుకుంది.

దాదికి కోపం వచ్చింది. "లకుముకికి తుప్పేమిటయ్యా? అది తుప్పుపట్టే లోహమే కాదు. యుద్ధం నుంచి రాగానే అమ్మే తన చేత్తో కడిగేది. నువ్వు తెచ్చింది అమ్మ విమానం కాదు, దిక్కులేని విమానం."

ఇక మిగిలింది వీధి చివర పిల్లలకు గిలకలు చేసుకునే నూకరత్నం. ఆవిడ బొమ్మ తేలేదు, ప్రశ్న తెచ్చింది.

"ప్రభూ, లకుముకి దగ్గర రోజూ ఉన్నదెవరు?"

"సైనికులంతా ఊళ్లకు వెళ్లిపోయారు. దాన్ని మైదానంలోకి లాగిన గాడిద ఒకటి ఉంది, శంఖుడని."

భద్రయ్య, సోమలింగం పొట్టలు పట్టుకుని నవ్వారు. "గాడిదని అడిగి బొమ్మ చేస్తావా నూకరత్నం?"

"మీరు ఎవర్ని అడిగి చేశారు బావా?" అంది నూకరత్నం.

గగనవాడలో గాడిదలన్నీ చక్కగా మాట్లాడేవి. ఎవరూ ఏమీ అడగరు గనక ఊరికే ఓండ్రపెట్టేవి, అంతే.

"శంఖం మావా, లకుముకికి రంగు ఎక్కడ పోయిందో చెబుతావా?"

"కూర్చో అమ్మాయ్. నన్నొకరు అడిగి ఎన్నాళ్లయిందో" అంది గాడిద. "అందరూ విమానం ఎడమపక్క నుంచి ఎక్కుతారు. ఎడమపక్క నేను నిలబడేవాణ్ణి. బూటు చప్పుడికి నేను బెదురుతానని అమ్మగారు కుడిపక్క నుంచి ఎక్కేది. ఇరవై ఏళ్లూ అంతే. కుడిపక్క మెట్టు చుట్టూ రంగు పోయి, కింద తెల్లటి లోహం కనిపించేది. ఎడమ మెట్టు దగ్గర ఒక్క గీత లేదు."

"మరి మసి?"

"అమ్మగారు ఎంత కడిగినా పోని చార ఒకటి, ముక్కు పక్క పొగగొట్టాల దగ్గర మొదలై తోకవైపు సాగేది. గాలి ఎటు పోతే మసీ అటే కదా. సోమలింగం ముక్కు కొసన కూడా పులిమాడట, ఆయన విమానం వెనక్కి ఎగురుతుందా?"

"మట్టో?"

"చక్రాల వెనక, పొట్ట కింద. ఎర్రమట్టి. అది పరుగు తీసేటప్పుడు మిగతాదంతా నా మొహాన పడేది."

"రెక్కల పైన ఎలా ఉండేది మావా?"

శంఖుడి చెవులు వాలిపోయాయి. "నేను పొట్టివాణ్ణి అమ్మాయ్. రెక్కల పైభాగం ఏనాడూ చూడలేదు. కావాలంటే ఏదో ఊహించి చెబుతాను."

"వద్దులే మావా" అంది నూకరత్నం.

ఇంటికొచ్చి తెల్ల పొణికి కర్ర చెక్కింది. ముందు ఒళ్లంతా వెండిరంగు పూసింది. కుడి మెట్టు దగ్గర తడిచేసి నాలుగు ఉప్పురవ్వలు అద్దింది. దానిమీద ఆకుపచ్చ రంగు వేసింది. ఆరాక వేలితో రుద్దితే ఉప్పు రాలింది, రాలినచోటల్లా వెండి తొంగిచూసింది. రేకుల అతుకుల్లోకి మసినీళ్లు సన్నగా పారించి, గుడ్డతో ముందు నుంచి వెనక్కి తుడిచింది. పొయ్యిలో బొగ్గు మెత్తగా నూరి, పొగగొట్టాల నుంచి తోకవైపు పలచగా అద్దుకుంటూ పోయింది. చక్రాల వెనక ఎర్రమట్టి చిలకరించింది.

రెక్కల పైభాగాన్ని మాత్రం ఒట్టి ఆకుపచ్చతో వదిలేసింది.

బొమ్మ పట్టుకుని బయల్దేరితే భద్రయ్య అడ్డం వచ్చాడు. "ఆ మచ్చల బొమ్మ గడప దాటితే, నువ్విక మా వీధి మనిషివి కావు."

"అలాగే బావా. పెళ్లిభోజనాల్లో నా వాటా కూడా మీరే తినండి" అని నూకరత్నం గడప దాటింది. మాట అంత తేలిగ్గా అంది గానీ, మలుపు దాకా వెనక్కి చూస్తూనే నడిచింది.

రాజుగారు బొమ్మను తిప్పి చూశాడు. "రెక్కల మీద ఏమీ లేదేం?"

"అక్కడ ఏముండేదో నాకు తెలియదు ప్రభూ. చెప్పేవాళ్లు దొరకలేదు. తెలియనిచోట మచ్చ పెట్టడానికి చెయ్యి రాలేదు."

రాజుగారి మొహం వాడిపోయింది. అయినా నూకరత్నాన్ని వెంటబెట్టుకుని వెళ్లి, బొమ్మను అత్త ఒళ్లో పెట్టాడు.

కాదంబినీదేవి చూసింది. ఆవిడ బొటనవేలు తిన్నగా కుడి మెట్టు దగ్గరికి వెళ్లి, ఆ అరిగిన చోట ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది. తరవాత పొట్ట తిప్పి ఎర్రమట్టి చూసింది. మసి ఎటు సాగిందో వేలితో రాసి చూసింది. ఆఖరున రెక్కల పైభాగం చూసి నుదురు ముడిచింది.

"ఇదేం పనే?"

మూడు నెలలు మూలపడ్డ గొంతు, తలుపు కిర్రుమన్నట్టు వచ్చింది.

"పైన రంగు వెలిసిపోయి ఉండాలి కదే పిచ్చిమొహమా. ఇరవై ఏళ్ల ఎండ రెక్కల మీద పడక పొట్ట మీద పడుతుందా? కుంచె ఇలా తే. ఆకుపచ్చలో కాస్త సున్నం కలుపు. ఇంకాస్త. అంచులు దాటించకు."

రాజుగారు ఆవిడ కాళ్ల దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

"నువ్వెందుకురా ఏడుస్తావు? రంగు మీద నీళ్లు పడతాయి, అవతలికి జరుగు."

"తిట్టు అత్తా, ఇంకా తిట్టు."

ఆవిడ తిట్టింది. ఆ రోజు మొదలుపెట్టి తొమ్మిది పగళ్లు ఆపకుండా మాట్లాడింది. రాజ్యంలో ఉన్న చిలకలన్నీ వచ్చి నేర్చుకుపోయాయి. మధ్యలో ఒక్కసారి ఆగింది, శంఖుడికి గడ్డి వేశారా అని అడగడానికి.

పదోనాడు భద్రయ్య నూకరత్నం గుమ్మంలోకి వచ్చి, గొంతు సవరించుకుని అడిగాడు. "ఆ ఉప్పు ఎప్పుడు రాలుస్తారు?"

"రంగు ఆరాక, బావా. లోపలికి రండి" అంది నూకరత్నం.

విన్నారుగా. ఇష్టమైనవాళ్ల బతుకు మీద లేని మెరుపూ పూయకూడదు, లేని మసీ పూయకూడదు. తెలిసినవాళ్లను అడిగి ఉన్నది ఉన్నట్టు చూపించాలి, తెలియనిచోట తెలియదని వదిలేయాలి. ఇక లేవండి. అరుగు మీద మీ తాతయ్య చెప్పులున్నాయి, ఎడమది మడమ దగ్గరే ఎందుకలా అరిగిపోయిందో మీ అంతట మీరు ఊహించకుండా, ఆయన్నే అడిగి వచ్చి నాకు చెప్పండి.