ఫ్రెంచి కుండీలో తులసి

యానాంలో విశ్వపతి శాస్త్రిగారి దగ్గర సాయంత్రం పూట గీత చెప్పించుకునేవాళ్ళు ఒక పట్టాన సందేహం అడిగేవారు కాదు. ఆయన కోపిష్ఠి అని కాదు. అడిగిన ప్రశ్నకు అక్కడ జవాబు చెప్పకుండా, మర్నాడు చేతికర్ర పుచ్చుకుని అడిగినవాళ్ళ ఇంటికే బయల్దేరడం ఆయన అలవాటు. వైరాగ్యమంటే ఏమిటని అడిగిన ఒక పెద్దమనిషి ఇంటికి వెళ్ళి బీరువాలు తెరిపించి చూశారట. అప్పటినుంచి శిష్యుల సందేహాలన్నీ వాటంతటవే తీరిపోతూ వచ్చాయి.

అలాంటిది, ఒక గురువారం పాఠం ముగిశాక అందరూ లేచి వెళ్తుంటే భ్రమరాంబ మాత్రం కూర్చుండిపోయింది. అడగాలా వద్దా అని చాలాసేపు కొంగు అంచు నలిపింది.

“గురువుగారూ, ఇంట్లో తులసి ఎండిపోతే ఆ ఇంటి యజమానికి కీడంటారు. నిజమేనాండీ?”

శాస్త్రిగారు ఆమె ముఖంలోకి చూశారు. నిద్రలేక కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. “రేపు వస్తానమ్మా,” అన్నారు, అంతే.

భ్రమరాంబ భయం ఊరికే పుట్టింది కాదు. వానలు వెనకబట్టే రోజుల్లో భర్త సుదర్శనరావుకు గుండెపోటు వచ్చింది. కాకినాడ ఆస్పత్రిలో స్టెంట్లు వేసి, గండం గడిచింది, రోజూ కాస్త నడవండి, నలుగురిలో తిరగండి అని చెప్పి పంపారు. గడిచిందన్న మాట ఆమె చెవికి ఎక్కలేదు. చావు దాకా వెళ్ళి వచ్చిన మనిషిని ఇక వదిలేది లేదనుకుంది. గాలి తగులుతుందని ఆయన గది కిటికీలు మూసేసింది. చూడవచ్చినవాళ్ళను గేటు దగ్గరే మర్యాదగా సాగనంపింది. ఆయన మంచం దిగితే చాలు, ఈమె గుండె దడదడలాడేది. ఒకే ఇంట్లో ఇద్దరు గుండె జబ్బువాళ్ళు తయారయ్యారు గానీ మందులు ఒక్కరికే ఇచ్చారు.

ఆ రోజుల్లోనే ఆమె దృష్టి ఇత్తడి కుండీ మీద పడింది. ఫ్రెంచివాళ్ళు ఊరు ఖాళీ చేసి పోతూ ఉండగా, ఒక దొర సామాను వేలం వేస్తే సుదర్శనరావు తాతగారు పాడుకుని తెచ్చిన కుండీ అది. చుట్టూ ద్రాక్షతీగ నగిషీ, రెండు పక్కలా కడియాలు కరిచి పట్టుకున్న సింహం తలలు, కింద సింహపు పంజాల్లాంటి కాళ్ళు. దొరగారి హాల్లో ఏ మొక్కకు ఆశ్రయమిచ్చిందో గానీ, ఈ ఇంటికి వచ్చాక ఇన్నేళ్ళూ గొడుగులనే మోసింది. భ్రమరాంబకు మాత్రం ఆ సింహాల్లో అమ్మవారి వాహనం కనబడింది. తులసమ్మను మట్టిలోనుంచి తీసి ఇంతటి పీఠం మీద కూర్చోబెడితే తల్లి కరుణించకుండా ఉంటుందా? చింతపండు పెట్టి తళతళలాడేలా తోమింది, మంచిరోజు చూసి మొక్కను అందులోకి మార్చింది, సింహాల నుదుట కుంకుమ దిద్దింది. ఫ్రాన్సులో పుట్టిన సింహాలు కిమ్మనకుండా బొట్టు పెట్టించుకున్నాయి.

రోజూ చెంబుడు నీళ్ళు పోసి ప్రదక్షిణ చేస్తానని మొక్కుకుంది. కొన్నాళ్ళకు కింది ఆకులు పసుపుబారాయి. భక్తి చాల్లేదేమోనని రెండో చెంబు పోసింది. కొమ్మలు వేలాడాయి. సాయంత్రం కూడా పోయడం మొదలుపెట్టింది. రాలిన ఆకులు ఆయన కంటపడకుండా గబగబా ఏరి కొంగులో దాచుకునేది. ఆకులు ఎక్కువ రాలిన రోజున ఆయన ఊరికే దగ్గినా పరుగున వెళ్ళి ఛాతీ మీద చెయ్యి వేసి చూసేది.

శుక్రవారం ఎండ కాస్త వాలాక శాస్త్రిగారు వచ్చారు. పెరట్లోకి పోవాలంటే సుదర్శనరావు గది దాటాలి. మూసిన కిటికీల మధ్య, మంకీ టోపీ పెట్టుకుని, గొంతు దాకా దుప్పటి కప్పుకుని ఆయన పడుకుని ఉన్నాడు. శాస్త్రిగారిని చూసి లేవబోయాడు.

“రండి శాస్త్రిగారూ! మనిషి ముఖం చూసి ఎన్నాళ్ళయిందో!”

“లేవకండి, లేవకండి,” అని భ్రమరాంబ పరుగెత్తింది. “మాట్లాడితే ఆయాసం వస్తుందండీ ఆయనకి.”

“నాకేం రావట్లేదే,” అన్నాడు సుదర్శనరావు. అని మళ్ళీ పడుకున్నాడు.

పెరట్లో శాస్త్రిగారు కుండీ ముందు గొంతుక్కూర్చుని మట్టిలో వేలు గుచ్చి వాసన చూశారు. “దీనికి అడుగున చిల్లుందా అమ్మా?”

“అమ్మవారిని పెట్టుకునే పాత్రకి చిల్లేవిటండీ!”

“ఇది మొక్క నాటే పాత్ర కాదు. మొక్క ఉన్న మట్టికుండీని ఇందులో దించి అందానికి పెట్టుకునేవాళ్ళు. పైకి తియ్యి దాన్ని.”

భ్రమరాంబ రెండడుగులు వెనక్కి వేసింది. “తులసిని పెకలించమంటారా? శుక్రవారం పూట? అవతల ఆయన ఆ స్థితిలో ఉండగా?” గీత చెప్పే నోటితో గురువుగారు ఇలాంటి మాట అంటారని ఆమె కలలో కూడా అనుకోలేదు. తీస్తే తన చేతులతో తనే ఆయనకు కీడు తెచ్చినట్టు. తీయకపోతే కళ్ళముందే ఆకులు రాలుతున్నాయి.

“నువ్వు తియ్యకపోతే అదే పోతుందమ్మా. పోయాక ఏ వారమైనా ఒకటే,” అన్నారు శాస్త్రిగారు.

ఆమె కళ్ళు మూసుకుంది. లోపల అనుకున్నది దేవుడి పేరో, భర్త పేరో ఆమెకే తెలియదు. మొదలు చుట్టూ వేళ్ళు దూర్చి లాగింది. మొక్క ఏ పట్టూ లేకుండా, చిక్కటి బురదతో సహా చేతిలోకి వచ్చేసింది. గుప్పుమని కుళ్ళు వాసన కొట్టింది. కుండీ వంచితే నల్లటి నీళ్ళు పెరడంతా పారాయి. మొక్క వేళ్ళు చాలావరకు నల్లబడి మెత్తబడ్డాయి. మొదలు దగ్గర నాలుగైదు మాత్రం ఇంకా తెల్లగా ఉన్నాయి.

“నేనేనండీ! రోజూ నా చేత్తో నేనే పోశాను,” అని ఆమె భోరున ఏడ్చింది. “బతకాలనే పోశానండీ!”

“తెలుసమ్మా,” అన్నారు శాస్త్రిగారు మెల్లగా.

నూతి పక్కన పాత మట్టికుండీ ఒకటి దొరికింది. చిల్లు మీద పెంకుముక్క పెట్టి, పొడిమట్టి నింపి, తులసిని అందులో నిలబెట్టి ఎండ పడేచోట ఉంచారు. భ్రమరాంబ చెయ్యి అలవాటుగా చెంబు మీదికి పోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

“బతుకుతుందాండీ?”

“చెప్పలేను. మట్టి ఆరేదాకా నీళ్ళు పొయ్యకు. ఎండ తగలనీ.”

అంతలో వెనక తలుపు కిర్రుమంది. ఏడుపు విని సుదర్శనరావు గోడ పట్టుకుని గుమ్మందాకా వచ్చేశాడు. మంకీ టోపీ తలమీద లేదు. “ఏమైందే? ఎందుకా ఏడుపు?” అంటూ గడప దాటడానికి కాలెత్తాడు.

“అయ్యయ్యో, చల్లగాలి! లోపలికి పదండి, పడిపోతారు!” అంటూ భ్రమరాంబ పరుగున వెళ్ళి, బురద చేతులు రెండూ చాచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. సుదర్శనరావు ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాడు. ఆమె భుజం మీదుగా పెరట్లోకి చూస్తూ అక్కడే ఉండిపోయాడు.

శాస్త్రిగారు చేతికర్ర తీసుకుని లేచారు.

“కాస్త పక్కకు జరుగు తల్లీ. ఎండ ఇద్దరికీ సరిపోతుంది.”