కొమ్మభూపతి అల్లిన జడ

గోదావరికి ఆవలి గట్టున కొమ్మభూపతిగారు ఏలిన చిన్న రాజ్యంలో బొల్లన్న అనే మహా చతురుడు ఒకడుండేవాడు. ఆ చతురుణ్ణి నేనే. ఈ మాట ఇంకెవరైనా అంటారేమోనని చాలా ఏళ్ళు ఓపిక పట్టాను. ఎవరికీ తీరిక చిక్కలేదు. నన్ను పొగిడే పనికి ఒకరిని శ్రమపెట్టకూడదన్నది నాలో ఉన్న గొప్ప సుగుణం కనుక, ఆ పని నేనే చేసుకుంటున్నాను.

చదువంటారా, పురాణ కాలక్షేపంలో నిద్రపోకుండా ఉన్నంతసేపు కొంత, కోట వంటశాల అరుగు మీద కొంత అబ్బింది. గురువంటూ లేడు. ఉంటే పాపం, చెడ్డపేరు ఆయనకు వచ్చేది.

మా రాజుగారు మంచివారు. ఒక్కటే లోపం, తల వంచరు. వాళ్ళ వంశంలో తల వంచినవాడు లేడట. అందుకే కోటలో గుమ్మాలన్నీ ఏనుగు పట్టేంత ఎత్తు. భోజనానికి కూర్చుంటే విస్తరే గడ్డం దాకా లేచి రావాలి.

ఆయనకు ఒక ఏడు, ఊరంతా వచ్చి ఆడుకునేందుకు, చూసుకునేందుకు ఆటశాల కట్టించాలని బుద్ధి పుట్టింది. ఒక్కో వీధి ఒక్కో పని పంచుకుంది. పైకప్పు మేదర వీధి వంతు. ఆ వీధి పెద్ద గురవమ్మ అరవై దాటిన మనిషి. వెదురు తడికెలు అల్లించి, చుక్క నీరు కారని కప్పు వేయించింది. కూలి వద్దంది. ప్రారంభం నాడు తొలి ఆట తమ జడకోలాటం కావాలంది. రాజుగారు సరేనన్నారు.

ఈ జడకోలాటంలో నడి దూలం నుంచి ఎనిమిది రంగుల తాళ్ళు వేలాడతాయి. జారిపోకుండా కొసను మణికట్టుకు ముడేసుకుని, రెండో చేత కోల పట్టుకుని, నలుగురు ఇటూ నలుగురు అటూ తిరుగుతారు. ఎదురైన ఒకరి దగ్గర వంగి వాళ్ళ తాడు కిందుగా పోవాలి. ఆ తర్వాత ఎదురయ్యేవారు మన దగ్గర వంగుతారు. అలా సాగుతుంటే పైన తాళ్ళు జడలా అల్లుకుంటాయి. మళ్ళీ అడుగులు వెనక్కి వేసుకుంటూ విప్పాలి.

తీరా ప్రారంభానికి ముందురోజు, ఆస్థాన నాట్యాచార్యులు శేషాచార్యులవారు అడ్డు తగిలారు. కర్రలు తాటిస్తూ గిరగిరా తిరగడం నాట్యమెలా అవుతుందన్నారు. ఎవరైనా చేయగలిగింది కళ కాదన్నారు. వీళ్ళను పెరట్లో ఆడుకోమంటే సరిపోతుందన్నారు. రాజుగారు ఆలోచనలో పడ్డారు.

గురవమ్మ నా దగ్గరికి వచ్చింది.

"బొల్లన్నా, నా కూతుళ్ళూ కోడళ్ళూ దీనికింద ఆడతారనే ఈ కప్పు అల్లాను. పెరట్లో ఆడుకోవడానికైతే మాకు పెరళ్ళు లేవా?"

ఇలాంటి చిక్కుల్లోనే నా బుర్ర పని చేస్తుంది. సభకు వెళ్ళి, ఆచార్యులవారి మాట అక్షరాలా నిజమన్నాను. ఆయన నన్ను మొదటిసారి మనిషిగా చూశారు. ఎవరైనా చేయగలిగేదే అయితే చేసి చూపిస్తే గొడవ వదిలిపోతుంది కదా అన్నాను. అయితే ఆయనొక్కరే చేస్తే పండితులు గనుక చేశారంటారు, నాట్యం రానివాళ్ళు కూడా ఇద్దరు చేరితేనే రుజువని చెప్పాను. "ఒకణ్ణి నేనున్నాను. రెండోవాడే..." అని రాజుగారి వైపు చూసీ చూడనట్టు చూశాను.

"మేము లేమా?" అంటూ రాజుగారు లేచారు.

జడ పడితే మేదర వీధివాళ్ళు పెరట్లోకి, పడకపోతే తొలి ఆట వాళ్ళదే అని ఖాయమైంది. ఆ మధ్యాహ్నానికి ఆటశాల నిండిపోయింది.

గురవమ్మ, ఆమె మనుషులు నలుగురు, మేం ముగ్గురం. ఆమె ఏదీ దాచకుండా వరుస అంతా చెప్పింది. పాట ఎత్తుకుంది.

రాజుగారు వంగాల్సిన చోట వంగలేదు. గురవమ్మ కోడలు కోటమ్మ ఎదురై, ఆయన ఎంతకీ వంగకపోయేసరికి పాపం తనే వంగి పోయింది. ఆచార్యులవారు ఆడవాళ్ళ దగ్గర నిటారుగా నిలబడ్డారు. రాజుగారు ఎదురైతే మాత్రం వంతు కాకపోయినా వంగారు. నా సంగతి ఇంకా ఘోరం. పాతికేళ్ళ కొలువు వల్ల నా నడుం ఎవరు ఎదురొచ్చినా దానంతటదే వంగిపోయింది.

పది చుట్లు తిరిగేసరికి పైన పడింది జడ కాదు, కాకి గూడు. తాళ్ళు పొట్టివై, రాజుగారి ముక్కూ ఆచార్యులవారి ముక్కూ ఒకదానికొకటి ఆనుకున్నాయి.

"కత్తి తెండి," అన్నారు రాజుగారు.

గురవమ్మ ముఖం పాలిపోయింది. ఆ తాళ్ళు పేనడానికి వాళ్ళకు ఆరు నెలలు పట్టింది. కోస్తే, గెలిచినా మర్నాడు ఆట లేదు. నా ఎత్తు వాళ్ళిద్దర్నీ ఇరికించడం దాకానే సాగిందిగానీ విప్పడం దాకా పోలేదు. అందుకని నోటికొచ్చింది అన్నాను.

"కోయించండి ప్రభూ. కానీ ఎవరైనా అల్లగలిగిన దాన్ని ఎవరైనా విప్పగలగాలి కదా. ముందు ఆచార్యులవారిని విప్పమనండి. కత్తి ఎక్కడికీ పోదు."

ఆచార్యులవారు ఒక తాడు పట్టి లాగారు. రాజుగారి మోచెయ్యి వచ్చి నా దవడకు తగిలింది. ఇంకో తాడు లాగారు. ముగ్గురం మునివేళ్ళ మీద నిలబడ్డాం.

అప్పుడు గురవమ్మ, "నేను చెప్పినట్టు నడుస్తారా దొరా?" అంది.

రాజుగారు కళ్ళతోనే ఊ అన్నారు. తలాడించే చోటు లేదు.

ఆమె చివరి అడుగు నుంచి మొదలుపెట్టింది. బొల్లన్న ఎడమకు ఒకటి వెనక్కి, వంగే. ఆచార్యులవారు రాజుగారి తాడు కిందుగా రెండు. కోటమ్మా, దొరగారి దగ్గర నువ్వు వంగావు కదూ, అలాగే వంగి వెనక్కి రా. పది చుట్లలో ఎనిమిది మంది వేసిన ప్రతి అడుగునూ, తడుముకోకుండా, వెనక నుంచి ముందుకు అప్పజెప్పింది. తప్పులన్నీ మావి, గుర్తు పెట్టుకున్నది ఆమె. ఎనిమిది తాళ్ళూ విడివడి నిలువుగా వేలాడాయి.

"ఇదంతా ఎలా గుర్తుంది గురవమ్మా?" అన్నారు రాజుగారు.

"బుట్ట అల్లేటప్పుడు బద్ద తప్పితే ఎక్కడ తప్పిందో చేతికి తెలిసిపోతుంది దొరా. తప్పినవాళ్ళని తిట్టుకుంటూ కూర్చుంటే బుట్ట అవదు."

రాజుగారు మణికట్టు ముడి విప్పుకోబోయి ఆగారు. "ఇంకోసారి," అన్నారు.

ఈసారి ఆయనకు మొదట ఎదురైంది గురవమ్మే. ఆయన ఆమె ముందు నిలబడిపోయారు. పాట నడుస్తూనే ఉంది. ఆమె తొందరపెట్టలేదు, దారి కూడా ఇవ్వలేదు. తాడు ఎత్తి పట్టుకుని నిలుచుంది. కొమ్మభూపతిగారు తల వంచారు. తలపాగా జారింది. గురవమ్మ దాన్ని కోలతో అందుకుని, అడుగు తప్పకుండా, ఆయన అవతలికి వచ్చేసరికి తలమీద పెట్టింది.

రాజుగారు పగలబడి నవ్వారు. ఆ నవ్వుతోనే జడంతా అల్లారు. మూడు చోట్ల వంకర పోయింది. వంకరలు ఆయనవేనని ఆయనే అందరికీ చూపించారు.

ఏటేటా తొలి ఆట మేదర వీధిదేనని అక్కడికక్కడే చాటించారు. శేషాచార్యులవారు గురవమ్మ దగ్గరికి వచ్చి, ఆ వెనకడుగు మరొక్కసారి చూపించమని అడిగారు. అడగడానికి ఎంత కష్టపడ్డారో నేను చూశాను. ఆయన మీద గౌరవం పెరిగింది.

"కావాలనే ఇరికించావు కదరా మమ్మల్ని?" అంటూ రాజుగారు నాకు శాలువా కప్పబోయారు.

"ఇరికించడం ఎవరైనా చేస్తారు ప్రభూ. విప్పింది ఆవిడ," అన్నాను.

ఆయన మళ్ళీ నవ్వి, శాలువా గురవమ్మకు కప్పి, నాకు తన ఉంగరం ఇచ్చారు. వద్దనలేదు.

ఇప్పటికి మూడేళ్ళుగా మేదర వీధికి వెళ్ళి కోలాటం నేర్చుకుంటున్నాను. పాట వచ్చింది, కోల తాటింపు వచ్చింది. ఎదుటివాళ్ళు వంగే వంతులో నిటారుగా నిలబడటం మాత్రం నాకు ఇంకా రాలేదు.