కోటిలింగం గచ్చు, నూకరత్నం గోలెం

అనగనగా ఒక ఊళ్ళో ఒక మల్లెపొద ఉండేదే. రాజుల కథ కాదు, రాక్షసుల కథ అసలే కాదు. కాళ్ళు తన్నకుండా విను. ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుకొస్తుంది, మధ్యలో నువ్వు విసిగించకు.

ఆ పొద నూకరత్నానిది. కోటిలింగం గారని ఒక ఆసామి ఉండేవాడు. ఆయన ఇంట్లో వెనక వాటాలో అద్దెకుండేది ఆవిడ. కాపురానికొచ్చిన ఏడే పెరట్లో మల్లెకొమ్మ గుచ్చింది. తర్వాత మొగుడు పోయాడు, పొద మిగిలింది. వేసవంతా మొగ్గలు కోసి, మాలలు కట్టి, మూర చొప్పున ఇంటింటికీ తిరిగి అమ్ముకునేది. ఏడాది పొడుగునా ఆవిడ గ్రాసం ఆ పూలే.

ఒకసారి ఎండలు ముగిసే వేళకి కోటిలింగం గారు పెరట్లోకొచ్చి నిలబడ్డాడు.

"ఇదంతా గచ్చు చేయిస్తున్నా. మేస్త్రీ వచ్చేలోగా ఈ తుప్ప తీసెయ్యి" అన్నాడు.

"తుప్పేంటండీ? అది మల్లెపొద. నా కూడు" అంది నూకరత్నం.

"మొక్క నీదైతే పట్టుకుపో. నేల నాది."

విన్నావా ఆ మాట! అంత లోతుకి వేళ్ళు దిగిన పొదని పట్టుకుపొమ్మంటే ఎక్కడికి పట్టుకుపోతుందే? పీకితే చస్తుంది. నూకరత్నానికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడిచిందనుకున్నావా? ఏడిచుంటే నేనీ కథ చెప్పేదాన్నే కాదు. "నీ నేల నాకక్కర్లేదు. నీ నేల లేకుండానే బతికిస్తా" అని పళ్ళు కొరుక్కుంది.

అప్పుడు ఒక చిల్లు గోలెం వెతికింది. గోలెమంటే గేదెలకి కుడితి పోసే పెద్ద మట్టి తొట్టి. కాలవ నుంచి ఇసక మోసుకొచ్చి దాన్ని నింపింది. కాలవ ఇసక ఎవడబ్బ సొమ్మూ కాదు కదా. పొదలోంచి కొమ్మలు తీసి, కణుపు కిందికి కోసి, ఇసకలో గుచ్చింది. చెంబుతో నీళ్ళు పోసింది. కోటిలింగం గుర్తొచ్చినప్పుడల్లా ఇంకో చెంబు కుమ్మరించింది. రోజంతా ఆయనే గుర్తొచ్చాడు. ఇంకేముంది, కొమ్మలన్నీ నల్లబడి కుళ్ళిపోయాయి.

ఆ తర్వాత తిట్టీ తిట్టీ గొంతెండిపోయి, మంచినీళ్ళకని లోపలికెళ్ళింది. మూల ఇసక మీద మంచినీళ్ళ కుండ ఉంది. కుండ చెమర్చి చెమర్చి దాని కింద ఇసక ఎప్పుడూ చల్లగా ఉంటుంది. అందులో ఎప్పుడు జారిపడ్డాయో ఏమో, నాలుగు ధనియాలు మొలకెత్తి పచ్చగా నిలబడ్డాయి. వాటికి ఎవరూ నీళ్ళు పోసింది లేదు. నూకరత్నం అక్కడే చతికిలబడింది. "ఓసి దీని దుంప తెగ! కుండే తాగిస్తోందా వీటికి?" అంది.

వెంటనే ఇంట్లో ఉన్న పాత నేతిముంతని కడిగి, గోలెం మధ్యలో మెడ దాకా పాతి, నీళ్ళు నింపింది. చుట్టూ మళ్ళీ కొమ్మలు గుచ్చింది. రోజులు గడిచాయి. ముంతలో నీళ్ళు పోసినవి పోసినట్టే ఉన్నాయి. ఇసక మాత్రం ఎండిపోయింది. కొమ్మలు పొయ్యిలో పెట్టుకునే పుల్లలయ్యాయి.

అప్పుడా ముంత పెరుక్కుని, దాన్ని చేసిన కుమ్మరి గంగాయమ్మ మీదికి దెబ్బలాటకి వెళ్ళింది.

"ఏమే, నీ ముంత చెమర్చదేం?"

గంగాయమ్మ వేలు పెట్టి రాసి చూసింది. "ఏళ్ళ తరబడి నెయ్యి తాగిన ముంతే ఇది. ఎలా చెమరుస్తుంది, నా తల్లీ! నీ బుర్రకి ముందు చెమట పట్టాలి" అని, కుండలు కాల్చే ఆవంలోంచి అప్పుడే తీసిన కొత్త ముంత చేతిలో పెట్టింది.

ముచ్చటగా మూడోసారి కొత్త ముంత పాతింది. కోసిన కొమ్మల కొసలకి పేడ అద్దింది. గోలెం మీద వెదురుబద్దలు వంచి, పాతచీర తడిపి కప్పింది. సాయంత్రానికి ముంత చుట్టూ ఇసక రంగు మారింది, తడి పాకింది. నూకరత్నం చెయ్యి పెట్టి చూసి, ఆ పూట కడుపునిండా అన్నం తింది.

మర్నాడే మేస్త్రీ దిగాడు. ఆవిడ కళ్ళ ముందే పొదని మొదలంటా నరికేశారు. ఇక గోలెంలో ఉన్నవే మిగిలాయి. అవి కూడా పోతే ఆవిడకి ఏమీ లేనట్టే.

గచ్చు పూర్తయింది. కోటిలింగం మీసం దువ్వుకుంటూ, "ఇనప చువ్వలేసి పోయించా. గునపం కూడా దిగదు" అని ఊరంతా చెప్పుకున్నాడు. ఆ తర్వాత గోలెం కేసి చూశాడు. "ఇదీ తియ్యి. దీని కింద నేల కూడా నాదే" అన్నాడు.

దుర్మార్గుడు! నూకరత్నం వెళ్ళి గంగాయమ్మని పిలుచుకొచ్చింది. గంగాయమ్మ ఒక పక్క, తనొక పక్క పట్టుకుని గోలెం మోసుకుపోయి కుమ్మరింటి పంచలో దింపారు. ఆ సాయంత్రమే సామాను కూడా సర్దుకుని ఆవిడ అక్కడికే మారిపోయింది.

రోజూ పొద్దున్నే ముంత నింపేది. నింపుతూ కోటిలింగాన్ని తిట్టేది. తిట్టడం మర్చిపోలేదు గనక నీళ్ళూ మర్చిపోలేదు. వానలు పడ్డాయి. ఒకనాడు చీర ఎత్తి చూస్తే కణుపు కణుపుకీ చిగురు. ఒక కొమ్మని మెల్లిగా లాగితే కింద తెల్లటి వేళ్ళు! నూకరత్నం కళ్ళమ్మట నీళ్ళు కారాయి. అప్పుడేడిచింది, అప్పుడు ఏడవచ్చు.

ఆ తర్వాత వీధిలో ఇంటింటికీ ఒక మొక్క ఇచ్చింది. "నేల మీది, మొక్క నాది, పూలు సగం సగం" అంది. అందరూ సరేనన్నారు. రెండో వేసవి వచ్చేసరికి సాయంత్రమైతే వీధంతా ఘుమఘుమే. కోటిలింగం ఇంట్లో మాత్రం గచ్చు సెగ. ఆయన మనవరాలు పూలజడ వేయమని వస్తే నూకరత్నం ఒళ్ళో కూచోబెట్టుకుని వేసింది. కోపం తాత మీద గానీ పిల్ల మీద కాదు కదా.

చివరికి ఆయనే వచ్చాడు. "మా ఇంట్లో కూడా ఒక మొక్క కావాలంటున్నారు" అని నసిగాడు.

నూకరత్నం గోలెంలోంచి మంచి మొక్క తీసింది. వేళ్ళకున్న ఇసకంతా శుభ్రంగా కడిగేసింది. "ఇసక కాలవది. మొక్క నాది, ఇస్తున్నాను. పట్టుకెళ్ళండి. నేల మీ దగ్గర ఉంది కదా!" అంది.

పట్టుకెళ్ళాడు. వీధి వైపు చూశాడు, గచ్చు. పెరటి వైపు చూశాడు, గచ్చు. బావి చుట్టూ చూశాడు, అక్కడా గచ్చే. చేతిలో మొక్క వేళ్ళు ఎండకి వాడుతున్నాయి. అప్పుడు గునపం తీసి, పొద ఉన్నచోటే పోటు వేశాడు. ఠంగుమంది. మళ్ళీ వేశాడు, మళ్ళీ ఠంగుమంది. ఆ చప్పుడు కుమ్మరింటి పంచ దాకా వినిపించింది.

నూకరత్నం మాల పక్కన పెట్టి లేచింది. గుడ్డ ఒకటి తడిపి, పూలజడకని వచ్చి కూచున్న కోటిలింగం మనవరాలి చేతికిచ్చింది.

"తీసుకెళ్ళు. మీ తాతకి కాదు, మొక్కకి అని చెప్పు."

కోపం పోయిందా అంటావా? పోలేదే. ఎందుకు పోవాలి? మళ్ళీ కూచుని, ఠంగు ఠంగు వింటూ మాల కట్టుకుంది.

ముంత చెమర్చింది, కొమ్మ చిగిర్చింది,
గచ్చు మీద గునపం గీపెట్టింది,
కథేమో కంచి దారి పట్టింది,
నిద్రేమో మన ఇంటికొచ్చింది.