గ్రిజెల్ కట్టించిన గోడ

ముందే చెబుతున్నా బంగారూ, ఈ కథలో ఏది ముందో ఏది వెనకో నేను కలిపేసినా కలిపేస్తాను. ఈ మధ్య నాకు అలాగే అవుతోంది. తికమకగా ఉంటే నా చెయ్యి గిల్లు.

అనగనగా, మన ఎండలు ఎరగని స్కాట్లాండు దేశంలో, సముద్రం ఒడ్డున ఒక ఊరు. వెనక నిటారుగా కొండ, ముందు నీళ్ళు, మధ్యలో చాప పరిచినంత చోటు. ఆ చోట్లో ఒకే ఒక్క వరస ఇళ్ళు. గాలికి తట్టుకోలేక అవన్నీ సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాయి.

ఊరందరిదీ చేపల వేటే. కానీ పడవ ఒడ్డుకి ఆనదు. గులకరాళ్ళు దాటి, తొడల్లోతు నీళ్ళు దాటితేగానీ పడవ అందదు. తడికాళ్ళతో ఎక్కితే రోజంతా చలికి కొయ్యబారిపోతామని మగవాళ్ళ భయం. అందుకని ఆడవాళ్ళు పావడాలు ఎగ్గట్టి, మొగుళ్ళని వీపున ఎక్కించుకుని తీసుకెళ్ళి పడవలో దింపేవారు.

నవ్వకు. అదే వాళ్ళ ఆచారం.

ఆ ఊళ్ళో గ్రిజెల్ అని ఒకావిడ ఉండేది. మొగుడు ఆండ్రా మంచివాడే కానీ, మనిషి గున్న ఏనుగు. కిందటి శీతాకాలం ఆ చన్నీళ్ళలో మోసి మోసి గ్రిజెల్ కడుపున పడ్డ బిడ్డ నిలవలేదు. ఇప్పుడు మళ్ళీ కడుపుతో ఉంది. ఈ బిడ్డయినా దక్కాలని ఆవిడ ఆరాటం.

అప్పుడు మొగుణ్ణి అడిగింది. "ఏవయ్యా, నీళ్ళలోకి రాతిగోడ కడితే, దాని మీంచే పడవెక్కచ్చు కదా?"

"మా తాత మా నాయనమ్మ వీపెక్కాడు. మా నాన్న మా అమ్మ వీపెక్కాడు. నీకొక్కదానికే బరువొచ్చిందా?" అన్నాడు ఆండ్రా.

ఆ తర్వాత ఊరిపెద్ద విల్లమ్ తాతని అడిగింది. "సముద్రానికి కంచె వేస్తుందట, వినండర్రా!" అని ఆయన పగలబడి నవ్వాడు.

మూడోసారి ఆవిడ మగవాళ్ళని అడగలేదు. ఆడవాళ్ళతో మాట్లాడింది.

మర్నాడు తెల్లారాక ఎప్పటిలాగే అందరూ మొగుళ్ళని ఎత్తుకున్నారు. సగం దూరం నడిచారు. అక్కడ ఆగిపోయారు.

"గోడ కడతానంటే పడవలోకి. లేదంటే ఇక్కడే దింపేస్తా," అంది గ్రిజెల్.

"పరువు తియ్యకే!"

"పరువు తడవదులే. కాళ్ళే తడుస్తాయి."

పక్కనే విల్లమ్ తాతని మోస్తున్న కూతురు, "నాన్నా, చేతులు జారిపోతున్నాయి," అంది. "కడదాం, కడదాం!" అని అరిచాడు తాత.

ఆండ్రా మాత్రం మెల్లిగా, "నీ కాళ్ళు వణుకుతున్నాయేమే?" అన్నాడు.

"రోజూ వణుకుతాయి. పైన కూర్చున్నవాడివి, నీకేం తెలుస్తుంది?"

అప్పుడు ఆండ్రా తనంతట తానే నీళ్ళలోకి దిగాడు. చలికి కెవ్వుమన్నాడు. ఆ రోజు వేటకి వెళ్ళలేదు. మొదటి రాయి మోశాడు.

ఆ తర్వాత ఆడవాళ్ళు ఒక నియమం పెట్టారు. ఒక్కో మగాణ్ణీ చేపల కాటాలో తూచారు. ఎవడి బరువుకి సరిపడా రాళ్ళు వాడే మోసి, పేరు చెక్కి పెట్టాలి. ఆండ్రా వంతు అందరికన్నా ఆలస్యంగా పూర్తయింది, పాపం!

మొదటి శీతాకాలం సముద్రం గోడంతా లాక్కుపోయింది. రెండోసారి సగం లాక్కుపోయింది. మూడోసారి గోడ నిలిచింది. అందాకా మగవాళ్ళు తమ కాళ్ళతోనే నడిచారు. ఎవరూ కొయ్యబారలేదు. పొడి మేజోళ్ళు ఒక జత వెంట తీసుకెళ్ళారు, అంతే.

గ్రిజెల్‌కి ఆడపిల్ల పుట్టింది. దక్కింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి పెద్ద పడవలొచ్చాయి. అవి పెద్ద రేవులకి వెళ్ళిపోయాయి. ఆ ఊళ్ళో ఇప్పుడు వేట లేదు. గోడ ఉంది. రాళ్ళ మీద మగవాళ్ళ పేర్లున్నాయి. గ్రిజెల్ పేరు ఎక్కడా లేదు. చెప్పుకునేవాళ్ళ నోట్లోనే ఉంది.

కెరటమేమో గోడకి కొట్టింది,
కథేమో కంచి దారి పట్టింది,
నా బంగారానికి కునుకు పట్టింది.

సువర్చలా, నీ కూతురు నిద్రపోయింది. రేపు తీరిగ్గా, నేనీ కథ చదివిన పుస్తకంలో పేర్లు ఒకసారి చూసి చెప్పమ్మా. విల్లమ్, ఆండ్రా తప్పయినా ఫరవాలేదు, వాళ్ళు రాళ్ళ మీదున్నారు. గ్రిజెల్ పేరు మాత్రం నేను మార్చెయ్యలేదు కదూ?