సాయంత్రపు పూల ధర

అనగా అనగా, పొద్దు కూడా తొందరపడకుండా నడిచే కాలంలో, ఏటి ఒడ్డున పొగడపురం అనే రాజ్యం ఉండేది. తలగడ పక్కన మూరెడు మల్లెలు ఉంటేనే అక్కడివాళ్లకు కలలు వచ్చేవి. పూలు లేకపోతే నిద్ర పట్టేది కానీ, కల వచ్చేది కాదు.

ఉన్నవాళ్లు పొద్దున్నే మూరకు రెండు కాసులిచ్చి కొనేవారు. లేనివాళ్లు పొద్దువాలేదాకా ఆగేవారు. పూలు వాడేకొద్దీ ధర కూడా దిగేది. దీపాలవేళకు మూర అరకాసుకే దొరికేది.

నేతగాడు ఓబులేసు రోజూ ఆ వేళకే చంపకమ్మ అంగడికి వచ్చేవాడు. అతని కూతురు తారణికి తల్లి లేదు. కలలోనే అమ్మ వచ్చి, జడ వేసి పోయేది.

ఒకనాడు తోటమాలులు రాజుకు మొరపెట్టుకున్నారు.

"ప్రభూ, అంగళ్లవాళ్లు ధర దించి దించి అమ్ముతున్నారు. మా చేతికి ఏమీ మిగలడం లేదు."

చిత్రభాను మహారాజుది జాలిగుండె. "ఇకమీదట మూర మల్లెలు రెండు కాసులకు తక్కువ అమ్మరాదు. ఊరికే ఇవ్వనూ రాదు. ఇస్తే అంగడికి తాళం!" అని చాటింపు వేయించాడు.

ఆ సాయంత్రం ఓబులేసు అరకాసు పట్టుకుని నిలబడ్డాడు.

"నా చేతులు కట్టేశారు నాయనా," అంది చంపకమ్మ, వాడిన పూలు చూపిస్తూ.

పెద్ద వర్తకుడు ధనగుప్తుడు ఒక ఉపాయం పన్నాడు. బారుచేతుల మనిషిని తెచ్చి మూరలు కొలిపించాడు. "అది చెయ్యా, నిచ్చెనా?" అని నవ్వుకుంటూ జనం అటు పరుగెత్తారు. మూరంటే ఇంతేనని భటులు ఇత్తడి కొలబద్ద తెచ్చారు.

తర్వాత అందరూ మూరకు జానెడు కొసరు వేయసాగారు. భటులు కొసరునూ ఆపేశారు.

ఇక చేసేదేమీ లేక, మిగిలిన పూలను రోజూ సాయంత్రం ఏట్లో వదలసాగారు.

"నాన్నా, అమ్మ ముక్కుపుడక ఏ వైపు ఉండేది?" అని అడిగింది తారణి ఒకరోజు.

ఓబులేసుకు అర్థమైంది. పిల్ల అమ్మను మరిచిపోతోంది! తారణి చెయ్యి పట్టుకుని, బతిమాలుకోవడానికి చంపకమ్మను వెతుకుతూ రేవుకు వెళ్లాడు.

అప్పుడే రాజు పడవ అటు వచ్చింది. వెన్నెల కరిగి పారుతున్నట్టు ఏరంతా తెల్లగా ఉంది.

"ఎంత అందం! ఇదేం పండుగ?" అన్నాడు రాజు.

"పండుగ కాదు దొరా, మీ చట్టం," అంది చంపకమ్మ, బుట్ట బోర్లిస్తూ. "మా ఊరి కలలు కింది ఊళ్లకు పోతున్నాయి."

"ధర దిగితే తోటమాలులు ఏమైపోతారు?"

"అమ్ముడుపోని పూలు నేను మాత్రం ఎందుకు కొంటాను? వాళ్ల బుట్టల్లో సగం వద్దని పంపేస్తున్నాను. ధర ఆపారు సరే, పువ్వు వాడడం ఆపగలరా దొరా?"

తారణి నీళ్లలోకి చూస్తూ, "మా అమ్మ కూడా అటే పోతోందా?" అంది.

రాజు పడవ దిగి, మోకాలిలోతు నీళ్లలో నిలబడి, "తోటమాలుల లోటు కోట భరిస్తుంది. అంగడి ధరను పొద్దుతో పాటు దిగనివ్వండి," అన్నాడు.

మరునాటి సాయంత్రం ఓబులేసు అరకాసుకు మూరెడు మల్లెలు కొన్నాడు.

తెల్లవారగానే తారణి తండ్రిని కుదిపి లేపింది. "నాన్నా, ఎడమవైపు!"

పిల్లలూ, మంచి మనసుతో చేసిన చట్టమైనా, దాని బరువు చివరికి ఎవరి మీద పడుతుందో చూసుకుని చేయాలి.