చూస్తున్నాను

"ఊరికే ఇస్తున్నారు. లోపల ఏముందో ఒక్క అక్షరం దాచకుండా చూపిస్తున్నారు. ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. ఇంకా ఆలోచన దేనికండీ మాస్టారూ?" అని నూకరత్నం అడిగింది.

వరహాలయ్య మాస్టారు పాలిటెక్నిక్‌లో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ప్రశ్న అడిగితే జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు, పని చెప్పడం అలవాటు. ఆ పనిలో జవాబు దొరికితే శిష్యుల అదృష్టం, దొరక్కపోతే ఇంకో పని. నూకరత్నం ఆయన దగ్గర చదువుకుని, తన ఊరు నల్లదిబ్బలో మత్స్యకారుల సంఘానికి కంప్యూటరు పనులు చూస్తోంది. ఆమె అడుగుతున్నది ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం గురించి. వాతావరణ సమాచారం రాగానే చదువుకుని, రేవులో మైకు స్తంభం మీంచి తెలుగులో పైకి చెబుతుంది అది. ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు. తవిటినాయుడని ఒకాయన ఒక్కడే కూర్చుని రాశాడట. గొంతు కూడా ఆయనదే. తీరం పొడవునా నలభై ఊళ్ళలో ఆ గొంతే వినిపిస్తోంది. "వేట" అనే మాటకు ముందు అది చిన్నగా ఆగుతుంది, ఊపిరి తీసుకోవడానికి. ఆ ఊపిరి వినే జాలర్లు దాన్ని నమ్మారు. నూకరత్నం కూడా నమ్మింది. ఎంత నమ్మిందంటే, మాస్టారిని అడగడానికి పది రోజుల ముందే దాన్ని నల్లదిబ్బ రేవులో పెట్టేసింది. ఆ ముక్క మాత్రం ఆయనకు చెప్పలేదు.

"దాన్ని చూసుకునే మనిషికి ఒక ఉత్తరం రాయి," అన్నారు మాస్టారు.

ఏదైనా తేడా వస్తే చూస్తారా అని రాసింది. కీబోర్డు మీంచి చెయ్యి తీసేలోపే జవాబు వచ్చింది. "మీ ఉత్తరం అందింది. చూస్తున్నాను. కాస్త ఓపిక పట్టండి. తవిటినాయుడు." నూకరత్నం మొహం వెలిగిపోయింది. మాస్టారు మళ్ళీ రాయమన్నారు. రాసింది. అదే జవాబు. "ఈసారి, భోజనం చేశారా అని అడుగు," అన్నారాయన. ఆమె నవ్వుకుంటూనే అడిగింది. మీ ఉత్తరం అందింది, చూస్తున్నాను, కాస్త ఓపిక పట్టండి అని వచ్చింది. నూకరత్నానికి నవ్వు ఆగిపోయింది. "పనిమీద ఉండుంటారండీ, మెషీన్‌కి అప్పజెప్పారు, అంతే," అంది కాస్త తగ్గి.

"అయితే వెళ్ళి చూసిరా," అన్నారు మాస్టారు.

తవిటినాయుడి ఊరు బావనపేట, తీరం వెంబడే పైకి నాలుగు గంటల ప్రయాణం. మర్నాడు పొద్దున్నే ఆమె బస్సెక్కింది. దారిలో ఒక రేవు దగ్గర బస్సు ఆగితే స్తంభం మీంచి ఆ గొంతు వినిపించింది. "సముద్రం నెమ్మదిగా ఉంది." చిన్న ఊపిరి. "వేటకు వెళ్ళవచ్చు." ఆ మాట చెబుతున్నంతసేపూ గాలికి బస్సు అద్దాలు గడగడలాడుతూనే ఉన్నాయి, ఇసుక లేచి ప్రయాణికుల కళ్ళలో పడుతోంది. ఎవరూ ఏమీ అనుకోలేదు. కండక్టరు కళ్ళు నులుముకుంటూ టిక్కెట్లు కొట్టాడు. నూకరత్నం మాత్రం ఆ స్తంభం కనుమరుగయ్యేదాకా వెనక్కి తిరిగి చూసింది. ఎందుకో ఆమెకే తెలియలేదు.

బావనపేటలో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వాకిట్లోకి వెళ్ళగానే లోపలినుంచి అదే గొంతు. హమ్మయ్య, మనిషి ఇంట్లోనే ఉన్నాడని ఆమె తలుపు తట్టింది. యాభై ఏళ్ళ ఆవిడ తలుపు తీసింది. తవిటినాయుడి అక్క, సన్యాసమ్మ.

"తమ్ముడి కోసమొచ్చినావా అమ్మా? రా, లోపలున్నాడు."

లోపల ఒక బల్ల, దాని మీద నడుస్తున్న కంప్యూటరు, పక్కన చిన్న స్పీకరు పెట్టె. బల్ల ముందు కుర్చీ. కుర్చీలో ఉతికి మడతపెట్టిన తువ్వాలు. మనిషి లేడు. "సముద్రం నెమ్మదిగా ఉంది," అంది పెట్టె.

"ఎక్కడికెళ్ళారండీ?" అని అడిగింది నూకరత్నం.

"మూడేళ్ళయిందమ్మా." సన్యాసమ్మ కొంగుతో బల్ల మీద లేని దుమ్ము తుడిచింది. "జొరమొచ్చి పడ్డాడు. పది రోజుల్లో లేస్తానక్కా, అందాకా ఉత్తరాలొస్తే ఇదే జవాబిస్తాదని ఆ ముక్క రాసెట్టినాడు. పదకొండో రోజున పోయినాడు. నాను దీన్ని ఆపలేదు. ఆపితే మరింక మాటాడడు గదా."

నూకరత్నం కుర్చీ జోలికి పోలేదు. నిలబడే ఆ కంప్యూటరులో, వాడుకునేవాళ్ళందరికీ కనిపించే ఉత్తరాలు తెరిచింది. ఏడాదిన్నర కిందట ఎవరో మొదటి ఫిర్యాదు రాశారు. గాలివాన హెచ్చరికలు పంపే పద్ధతి మారిందనీ, ఆ కొత్త పద్ధతి ఈ ప్రోగ్రాంకి అర్థం కావడం లేదనీ, అర్థం కానప్పుడు తనకు చివరిసారి అర్థమైన మాటనే మళ్ళీ చెబుతోందనీ దాని సారాంశం. మామూలు రోజుల్లో మామూలుగానే ఉంటుంది. గాలివాన రోజున మాత్రం నిన్నటి ప్రశాంతతనే చదువుతుంది. దాని కింద ఒక్కో ఊరినుంచి ఒక్కో మాట. మాకూ ఇంతే. మా రేవులోనూ ఇంతే. ఎవరైనా చూస్తున్నారా? ఆయన చూస్తున్నానన్నారు కదండీ. అన్నిటికన్నా అడుగున, దక్షిణాది రేవునుంచి ఎవరో ఆ తప్పును సరిదిద్ది పంపిన పద్నాలుగు ప్రోగ్రాం లైన్లు. ప్రోగ్రాం రాసిన ఇంటాయన ఒప్పుకుంటే చాలు, అన్ని ఊళ్ళకూ చేరిపోతాయి. చనిపోయిన మనిషి అనుమతి కోసం అవి ఏడాదిగా గుమ్మంలో నిలబడి ఉన్నాయి. ఎవరి స్తంభంలో వాళ్ళు సరిచేసుకున్నా కాదనేవాళ్ళు లేరు. అందరిదీ అయిన వస్తువు గదా, అందరూ మర్యాదగా పక్కవాడి వంక చూశారు.

అప్పుడు దారిలో వీచిన గాలి గుర్తొచ్చి ఆమె తన ఫోను చూసుకుంది. వాతావరణ శాఖనుంచి మధ్యాహ్నమే గాలివాన హెచ్చరిక వచ్చి ఉంది. టైము రెండూ నలభై. నల్లదిబ్బలో మూడున్నరకు పడవలు సముద్రంలోకి దిగుతాయి. వాళ్ళ అయ్యకు ఫోను చేసింది.

"అయ్యా, దిగొద్దు! గాలివానొస్తంది!"

"మైకు నెమ్మదనే సెప్తంది గదే," అన్నాడు అయ్య, వెనక అలల చప్పుడు. "ఆ మైకెట్టింది నువ్వే గదా. ఇప్పుడు దాని మాట ఇనొద్దంతావేటి? నేనాగితే ఆగుతాను. మిగతా ఓళ్ళు నా మాటింతారా?"

స్తంభాలన్నీ గంటకొకసారి, గంట కొట్టగానే, ప్రోగ్రాంలో కొత్త మార్పేమైనా వచ్చిందా అని ఈ కంప్యూటరునే అడుగుతాయని ఆమెకు తెలుసు. మూడుకు ఒకసారి అడుగుతాయి. ఆ తర్వాత నాలుగుకే.

"అక్కా, దీన్ని నేను ముట్టుకోవాలి," అంది.

"ముట్టుకుంటే తమ్ముడి గొంతు పోతాదా?"

అబద్ధం చెప్పడానికి నూకరత్నానికి నోరు రాలేదు. "తెలీదక్కా."

సన్యాసమ్మ పెట్టె వంక చూసింది. తర్వాత కుర్చీలోని తువ్వాలు తీసి గుండెకు హత్తుకుని, "కూకో," అంది.

పద్నాలుగు లైన్లూ రెండుసార్లు చదివింది నూకరత్నం. తప్పు కనిపించలేదు. ఒప్పుకున్నట్టు నొక్కింది. మూడు కొట్టింది. పెట్టె మూగబోయింది. ఎంతకీ మాట లేదు. సన్యాసమ్మ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది. నలభై ఊళ్ళ స్తంభాలూ ఇలాగే మూగబోయి ఉంటాయని తలుచుకుని నూకరత్నం ఆ లైన్లను మళ్ళీ మొదటినుంచి చదవసాగింది.

"హెచ్చరిక," అంది పెట్టె. "గాలివాన వస్తోంది." చిన్న ఊపిరి. "వేటకు వెళ్ళకండి."

సన్యాసమ్మ నేల మీద చతికిలబడి భోరుమంది. "ఇన్నాళ్ళకి కొత్త మాట సెప్పినాడే నా తమ్ముడు!" నూకరత్నం కూడా ఏడ్చింది. పావుగంటలో అయ్య ఫోను చేశాడు. తాళ్ళు మళ్ళీ కట్టేస్తున్నారనీ, ముందే దిగిన మూడు పడవల్నీ చొక్కాలు ఊపి వెనక్కి పిలిచారనీ చెప్పాడు. సాయంత్రానికి సముద్రం రేవు మెట్ల మీదికి ఎక్కింది.

గాలి తగ్గాక నూకరత్నం మాస్టారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పింది, దాచిపెట్టిన ముక్కతో సహా. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆమెకు.

"మీకు ముందే తెలుసాండీ?"

మాస్టారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "రెండేళ్ళ కిందట ఈ ప్రోగ్రాం గురించి ఏదో అడుగుతూ నేనూ ఒక ఉత్తరం రాశాను. అదే జవాబు వచ్చింది. చూస్తున్నాడు కదా అని ఊరుకున్నాను."

"మరి దీన్ని ఉంచుకుందామా, తీసేద్దామా?" అంది నూకరత్నం. అంతలో ఆమె ఫోను మోగింది. బావనపేటనుంచి వచ్చేముందు, ఆ ఉత్తరాలు తనకు కూడా అందేటట్టు పెట్టుకుని వచ్చింది. ఏదో ఊరినుంచి ఎవరో రాశారు, తమ మైకు నిన్నటినుంచి పలకడం లేదని. దాని కిందే జవాబు కూడా వెళ్ళిపోయి ఉంది. మీ ఉత్తరం అందింది. చూస్తున్నాను. ఆమె ఫోను మాస్టారికి చూపించింది.

"ఆ మాట తీసెయ్యలేదా?"

"ఆ అక్క తియ్యొద్దందండీ."

"మరైతే చూడు," అన్నారు మాస్టారు.