గట్టు పని అడిగిన పందికొక్కు

అనగనగా ఒక అడవిలో ఒక బడి ఉండేది. బడి అంటే గోడలూ కిటికీలూ ఊహించుకోకండి. ఒక చెట్టు నీడ, నాలుగు నాపరాళ్లు, ఒక పంతులుగారు. అంతే! ఆ పంతులుగారు ఒక ముసలి ఉడుము. ఉడుము పట్టు సంగతి మీరు వినే ఉంటారు. పట్టిందంటే వదలదు. ఈయన పాఠం పట్టుకున్నా అంతే. అది పిల్లల బుర్రలోకి దిగేదాకా వదిలేవారు కాదు.

ఆ బడిలో ఆఖరి ఏడు చదివే పిల్లల్లో ఒక పందికొక్కు పిల్ల ఉంది. బూరెల్లాంటి బుగ్గలు కాబట్టి వాళ్లమ్మ దానికి బూరి అని పేరు పెట్టుకుంది. చదువులో బూరి ముందూ కాదు, వెనకా కాదు. తిండిలో మాత్రం ఎప్పుడూ ముందే. పొద్దున లేస్తూనే "అమ్మా, ఏముంది?" అనేది. అది తిన్నాక "అమ్మా, ఇంకేముంది?" అనేది. పందికొక్కు కదా మరి!

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. చదువు అయిపోయే ఏడు, ఎండాకాలంలో, ప్రతి పిల్లా మూడు చోట్ల, చోటుకో వారం చొప్పున పని చేసి చూడాలి. తొలకరి పడిన మర్నాడు, అడవి అంతా చూస్తుండగా, మాట బండ ఎక్కి "నేను ఫలానా పని చేస్తాను" అని చెప్పాలి. బండ మీద అన్న మాట మళ్లీ ఏడాది దాకా మార్చుకోవడానికి వీల్లేదు.

అందుకే ఆ ఎండాకాలం తల్లిదండ్రులకు ఒకటే గుబులు. బూరి వాళ్లమ్మకైతే నిద్రే పట్టేది కాదు.

"చూడు తల్లీ, మనమంటే అందరికీ లోకువ. తవ్వుకు తినే జాతి అంటారు. నువ్వు మాత్రం సింహంగారి కొలువులో చేరాలి. మన ఇంట్లో ఒక్కరైనా తలెత్తుకు తిరగాలి" అంది అమ్మ.

"అలాగేలే అమ్మా" అంది బూరి. ఏ పని మంచిదో దానికి మాత్రం ఏం తెలుసు? పది మందీ దేన్ని గొప్పదంటే అదే గొప్పదనుకుంది.

మొదటి వారం కొండముచ్చు మామ దగ్గర కాపలా పనికి వెళ్లింది. ఎత్తయిన గుట్ట మీద కూర్చుని నాలుగు దిక్కులూ చూడటం ఆ పని. కింద వెళ్లేవాళ్లంతా తల ఎత్తి దండం పెట్టి మరీ వెళ్తారు.

"అదిగో, ఆ కొండ పక్కన పొగ కనబడుతోందా?" అన్నాడు కొండముచ్చు.

"ఏ కొండ మామా?" అంది బూరి. పాపం, దానికి పొగ మాట దేవుడెరుగు, కొండే ఆనలేదు.

వారం కాగానే పంతులుగారు పిలిచారు. గొప్పా, జీతమా, ఇవేవీ అడగలేదు. "ఏమ్మా, ఆ పనిలో ఉండగా ఏ పూటైనా ఆకలి సంగతి మర్చిపోయావా?" అని అడిగారు.

"లేదండీ. తిండి వేళ ఎప్పుడవుతుందా అని ఎండ వంకే చూస్తూ కూర్చున్నాను."

"సరే, వెళ్లిరా" అన్నారు పంతులుగారు.

రెండో వారం ఎలుగు బాబాయి దగ్గర తేనె పనికి వెళ్లింది. అక్కడ పని కంటే నాకుడు ఎక్కువ. మొదటి రోజు స్వర్గంలా ఉంది. రెండో రోజు బాగానే ఉంది. నాలుగో రోజుకి తేనె పేరెత్తితే కడుపులో తిప్పింది.

"ఆకలి మర్చిపోయావా?" అన్నారు పంతులుగారు.

"ఆకలి వేస్తేగా అండీ మర్చిపోవడానికి!" అంది బూరి నీరసంగా.

మూడో వారం అమ్మ కలలు కన్న సింహంగారి కొలువుకి వెళ్లింది. అక్కడ నక్క మంత్రి చెప్పినట్టు నడుచుకోవాలి. సింహంగారు ఏదైనా అనగానే "చిత్తం, చిత్తం" అంటూ తల ఊపాలి. రెండు పూటలా కడుపు నిండా భోజనం. భోజనం అవగానే బూరికి కునుకు వచ్చేది. కునికిపాటుకి తల ముందుకీ వెనక్కీ ఊగేది. నక్క అది చూసి మురిసిపోయింది.

"ఆహా, ఎంత వినయం! నీలాంటి పిల్లే కావాలి. బండ ఎక్కి కొలువు పేరు చెప్పు, చోటు నీదే" అంది.

బూరి వాళ్లమ్మ ఆ కబురు విని కళ్లనీళ్లు పెట్టుకుంది. చుట్టాలందరికీ దుంపలు పంచిపెట్టింది. మరి బూరి? అది సంతోషపడాలి కదా! పడలేదు. ఎందుకు పడలేదో దానికే తెలియలేదు.

పంతులుగారు మూడోసారి అదే ప్రశ్న వేశారు. "ఏ పూటైనా ఆకలి మర్చిపోయావా?"

"కొలువులో లేదండీ" అంది బూరి. నేల వంక చూస్తూ, "ఇంటికి వస్తుంటే ఒక్కసారి మాత్రం మర్చిపోయాను" అంది.

పంతులుగారు ముందుకు వంగారు. "పందికొక్కు తిండి మర్చిపోవడమా! ఎక్కడ?"

"చెరువు గట్టు కింద అండీ."

ఆ గట్టు గురించి మీకు చెప్పాలి. ఏనుగులు ఎన్నో ఏళ్లు మట్టి మోసి, వాగుకి అడ్డంగా కట్టిన గట్టు అది. అడవి మొత్తానికి ఎండాకాలంలో అదే నీరు. బూరి తాత రోజుల్లో, ఆ తాతే గట్టులో బొరియ తవ్వాడు. ఆ ఏడు వానలకి బొరియ పెద్దదై గండి పడింది. పల్లంలో ఉన్న లేళ్ల మైదానం కొట్టుకుపోయింది. ఆ రోజు నుంచీ పందికొక్కు అన్నది గట్టు మీద కాలు పెట్టకూడదని అడవి కట్టుబాటు.

"నేను గట్టు ఎక్కలేదండీ. పొడి వైపు, కింద ఒక చోట మట్టి చెమ్మగా ఉంది. ముక్కు పెట్టి చూశాను. చెవి ఆనించి విన్నాను. లోపల నీళ్లు ఎటు నుంచి ఎటు నడుస్తున్నాయో వింటూ ఉంటే పొద్దు వాలిపోయింది. కొలువులో ఇచ్చిన ఈతపళ్ల పొట్లం పక్కనే ఉంది. చూసేసరికి చీమలు పట్టి ఉన్నాయి" అంది బూరి.

పంతులుగారు నవ్వలేదు. "నేను అడగాల్సింది అడిగాను. చెప్పాల్సింది నువ్వే, బండ మీద" అన్నారు.

గట్టు పని సంగతి ఇంట్లో చెప్పేసరికి అమ్మ మొహం పాలిపోయింది. "ఆ గట్టు పేరు ఎత్తకే తల్లీ! మన పాలిట అది శాపం. చేతికందిన కొలువు కాలదన్నుకుంటావా?" అని ఏడ్చింది.

తొలకరి పడింది. మర్నాడు అడవి అంతా మాట బండ చుట్టూ చేరింది. కుందేలు పిల్ల కబుర్లు మోస్తానంది. నెమలి పిల్ల కొలువులో ఆడతానంది. బూరి వంతు వచ్చింది. ముందు వరసలో అమ్మ. పక్కనే నక్క మంత్రి, అప్పుడే చిరునవ్వు సిద్ధం చేసుకుని. 'కొలువు' అంటే చాలు, అమ్మ నవ్వుతుంది. బూరి నోరు తెరిచింది.

"నేను గట్టు పని చేస్తాను. గట్టుకి ఎక్కడ బొక్క పడుతుందో చూసి, పూడుస్తాను."

బండ దద్దరిల్లేలా నవ్వులు. నక్క అందరికంటే గట్టిగా నవ్వింది. "భలే! దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టుంది! తాత గండి పెట్టాడు, మనవరాలు పూడుస్తుందట!"

"బొరియ ఎలా పుడుతుందో బొరియలో పుట్టినదానికి కాక ఇంకెవరికి తెలుస్తుందండీ?" అంది బూరి. గొంతు సన్నగా ఉంది కానీ, మాట తడబడలేదు.

గట్టు పెత్తనం గజమ్మ అనే పెద్ద ఏనుగుది. ఆమె చెవులు ఆడిస్తూ ఆలోచించింది. "బండ మీద మాటకి నేను అడ్డు చెప్పను" అంది.

"అయితే ఒక షరతు," అంది నక్క. "ఈ వానల్లో గట్టుకి గండి పడితే, పందికొక్కులన్నీ అడవి విడిచి పోవాలి."

అందరూ "అవునవును" అన్నారు. గజమ్మ ఇష్టం లేకుండానే తల ఊపింది. అయినా బూరి మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ రోజు నుంచీ అమ్మ బూరితో మాట్లాడటం మానేసింది. పొద్దున్నే ఆకు పొట్లంలో దుంపలు కట్టి బొరియ ముందు మాత్రం పెట్టేది. బూరి పొట్లం పట్టుకుని గట్టుకి వెళ్లేది. అంగుళం అంగుళం వాసన చూసేది. ఎండ్రకాయ బొక్కలు పూడ్చేది. చెదలు తిన్న వేళ్లు లాగేసేది. సాయంత్రం వచ్చేసరికి పొట్లం కట్టినది కట్టినట్టే ఉండేది. అమ్మ అది చూసేది.

వానలు ముదిరాయి. మూడు రోజులు ఆగకుండా కురిసింది. నాలుగో రోజు పొద్దున కొండముచ్చు మామ గుట్ట మీద నుంచి కేక వేశాడు. "నీళ్లు గట్టు అంచుకి ఇంకా మూరెడు కిందే ఉన్నాయి! భయం లేదు!"

పై నుంచి చూస్తే నిజమే, భయం లేదు. బూరి పై నుంచి చూడలేదు. గట్టు అడుగున, పొడి వైపు నిలబడి చూసింది. రోజూ సన్నగా కారే చెమ్మ తేటగా ఉండేది. ఈ రోజు ఎర్రగా ఉంది. తేట నీరు కారితే గట్టు ఊపిరి పీలుస్తున్నట్టే. బురద నీరు కారిందంటే లోపల మట్టి కరిగిపోతున్నట్టు! బొరియలో పెరిగిన పిల్లకి అది ఒకరు చెప్పాలా?

పరుగున కొలువుకి వెళ్లింది. గుమ్మంలో నక్క అడ్డం నిలబడింది. "సింహంగారు భోంచేస్తున్నారు. రేపు రా" అంది.

"రేపటికి గట్టు ఉండదండీ!" అని అరిచి, బూరి గజమ్మ దగ్గరికి పరుగెత్తింది. గజమ్మ మందతో సహా వచ్చింది. బురద నీటి ధార అప్పటికే చెయ్యి లావు అయింది.

"లోపల బొక్క ఉంది సరే. దాని మూతి పైన ఎక్కడుంది? ఈ గట్టంతా తవ్వి వెతకలేం కదా!" అంది గజమ్మ.

బూరి బిక్కమొహం వేసింది. అన్ని బొక్కలూ దానికి తెలుసు. ఈ బొక్క మాత్రం దొరకలేదు.

"నాకు తెలుసు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. చూస్తే అమ్మ! తడిసి ముద్దయింది. చేతిలో ఆకు పొట్లం. "మా నాన్న రెండు బొరియలు తవ్వాడు. ఒకటే అందరికీ తెలుసు. రెండోదాని మూతి గట్టు మీది ఆ మద్దిచెట్టు వేళ్ల సందున ఉంది. రాళ్లు పెట్టి మూసి, ఎవరికీ చెప్పలేదు. సిగ్గుతో చెప్పలేదమ్మా."

గజమ్మ తొండంతో ఆ రాళ్లు లాగేసింది. నల్లటి బొరియ మూతి బయటపడింది. పందికొక్కు తప్ప మరెవరూ పట్టని సందు అది.

బూరి జిగటమట్టి తీసుకుని లోపలికి దిగింది. నీళ్లు చొరబడే చోట కుక్కింది. నీళ్లు దాన్ని తన్నుకుపోయాయి. మళ్లీ పైకి వచ్చింది. ఈసారి గులకరాళ్లు పట్టుకెళ్లి పేర్చింది. నీళ్లు రాళ్ల సందుల్లోంచి చిమ్ముకుంటూ వచ్చాయి. మూడోసారి పైకి వచ్చేసరికి దానికి ఊపిరి ఆడటం లేదు.

"ఆగు తల్లీ" అంది అమ్మ. మట్టిలో రెల్లుగడ్డి వేసి గబగబా పిసికి ముద్దలు చేసింది. "మన ఇంటి వాకిలికి నేను పెట్టేది ఇదే. వాన కాదు, వరద వచ్చినా కదలదు. పద, నేనూ వస్తాను."

తల్లీ కూతురూ ఇద్దరూ దిగారు. గడ్డిముద్దలు ఒకదాని మీద ఒకటి కుక్కారు. పైన ఏనుగులు గట్టు మీద బరువుగా కాళ్లు వేసి తొక్కాయి. ధామ్, ధామ్, ధామ్! ఎంతసేపు గడిచిందో తెలియదు. కింద నిలబడ్డ కుందేలు పిల్ల ఉన్నట్టుండి గంతు వేసింది.

"తేటపడింది! నీళ్లు తేటపడ్డాయి!"

బొరియలోంచి రెండు మట్టి ముద్దలు బయటికి వచ్చాయి. ఒకటి బూరి, రెండోది వాళ్లమ్మ. ఏనుగులన్నీ ఒక్కసారి తొండాలెత్తి ఘీంకరించాయి. లేళ్లు మైదానం నుంచి పరుగెత్తుకు వచ్చాయి. అడవి అడవంతా గట్టు కింద చేరి "బూరీ! బూరీ!" అని కేకలు పెట్టింది. ఆ గోలకి సింహంగారు కూడా భోజనం మధ్యలో లేచి వచ్చారు. వెనకే నక్క. "నేను ముందే అనుకున్నాను, ఈ పిల్ల గొప్పదవుతుందని!" అంది. నక్క కదా, అంతకంటే ఏమంటుంది!

గజమ్మ బూరినీ అమ్మనీ తొండంతో ఎత్తి, గట్టు నడినెత్తిన నిలబెట్టింది.

"ఇన్నాళ్లూ పందికొక్కు గట్టు ఎక్కకూడదన్నాం. ఈ రోజు నుంచి పందికొక్కు లేనిదే ఈ గట్టు లేదు!"

అమ్మ ఆ గట్టు మీద నిలబడి చుట్టూ చూసింది. తండ్రి చేసిన తప్పుకి బతుకంతా తల దించుకుని తిరిగిన తల్లి. ఆ రోజు తల ఎత్తింది. ఎంత ఎత్తిందంటే, గుట్ట మీది కొండముచ్చుకి కూడా ఆమె కళ్లలో నీళ్లు కనబడ్డాయట.

అప్పటికి ఉడుము పంతులుగారు మెల్లగా గట్టు ఎక్కి వచ్చారు. మట్టి కొట్టుకుపోయిన శిష్యురాలిని చూసి, నోరారా నవ్వారు.

"ఏమ్మా బూరీ, పొద్దున్నించీ ఏమైనా తిన్నావా?"

బూరి బుగ్గ మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో! మర్చేపోయానండీ!"

నీతి: పది మందీ గొప్పదన్న పని కాదు, నీ ఆకలిని కూడా మరిపించే పనే నీ పని. దాన్ని ధైర్యంగా ఎంచుకుని మనసుపెట్టి చేస్తే, గొప్పతనం వెతుక్కుంటూ వస్తుంది.